జానెడు ఎత్తు

సూర్యాపేట
14 ఫిబ్రవరి 1949

చిరంజీవి భిక్షపతికి,

దశరథ ఆశీస్సులు.

బడికి రాజీనామా ఇచ్చాను. లారీ ఒకటి కొన్నాను. యుద్ధంలో తిరిగిన బండి. సికింద్రాబాదులో వేలం వేస్తే తీసుకున్నాను. నాలుగు చక్రాలూ లాగుతాయి. ఈ సంగతి ఎవరో చెప్పగా నీకు తెలియడం బాగుండదని నేనే రాస్తున్నాను.

నీ సాయం కావాలి. ఇక్కడ ఇటువంటి బండిని విప్పి చూసినవాళ్ళు లేరు. నడపడానికి మత్తయ్య అనే అతన్ని పెట్టుకున్నాను. బర్మా సరిహద్దులో పటాలానికి లారీలు నడిపి వచ్చాడు. నడపడం తెలుసు, విప్పడం తెలియదు. నీకు లారీల షెడ్డు ఉంది. బెజవాడ దారి కాబట్టి అన్ని రకాల బండ్లూ నీ దగ్గర ఆగుతాయి.

బండిని ఎత్తు చేయించాను. బండి బరువు మోసే కమాన్లకు అదనపు పట్టీలు వేయించి, వాటికీ ఇరుసులకూ మధ్య ఇనుప దిమ్మెలు పెట్టించాను. మొత్తం జానెడు లేచింది. ఇప్పుడు వెనక ఇరుసును తిప్పే షాఫ్టు పొట్టిదైంది. ఒక గొట్టంలో ఇంకొక గొట్టం జారే చోట పట్టు చాలడం లేదు. చక్రం గుంతలో దిగితే ఊడి వస్తోంది. నిన్న ఊరి బయట ఊడి పడింది. మత్తయ్య కిందికి తొంగి చూసి, "ఎడ్లు మంచిగనే ఉన్నయి సారూ, కాడి ఊడింది" అన్నాడు.

పొడుగు షాఫ్టు చేయించి పంపగలవా?

తిండి బాగానే ఉంది. ఎండలు మొదలయ్యాయి.

దశరథ


కోదాడ
25 ఫిబ్రవరి 1949

బావకు,

భిక్షపతి దండాలు. నీ చేతిరాత చూసి చాలా కాలమైంది. ఉత్తరం అందుకోగానే షెడ్డులో నిలబడే చదివాను.

ఇంటికి పోయి సాలమ్మకు వినిపించాను. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, "పిల్లలకు పాఠాలు చెప్పెటాయన లారీల గూసోని ఏం చెప్తడు?" అంది. హారన్ కొడతాడులే అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

బావా, జానెడు ఎందుకు? అంత ఎత్తు లేపిన బండి మలుపులో ఒరుగుతుంది. షాఫ్టు పొడుగు చేస్తే సరిపోయేది కాదు. గేర్ల డబ్బా ఎక్కడో పైన, ఇరుసు ఎక్కడో కింద. మధ్యలో షాఫ్టు నిచ్చెన వేసినట్టు వాలి తిరుగుతుంది. జాయింట్లు ఎక్కువ కాలం నిలవవు. నా మాట విని ఆ దిమ్మెలు తీయించు. పాత షాఫ్టే సరిపోతుంది. ఒక్క పైసా పని లేదు.

నీ ఉత్తరంలో పాప మాట లేదు. మరిచిపోయావని అనుకోను. అడగనిదే చెప్పకూడదేమోనని రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. పాకుతోంది. కింద రెండు పళ్ళు వచ్చాయి. మా హన్మడికీ దానికీ సాలమ్మ పాలే. హన్మడు ఓర్చుకోలేక దాని జుట్టు పట్టి గుంజుతాడు. అది తిరగబడి వాడి చెవి పట్టుకుంటుంది.

పేరు మాత్రం లేదు. పురుడూ మైలా ఒక్కసారే వచ్చి ఇరవై ఒకటో నాడు ఏమీ చేయలేదు. పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి వేలితో రాస్తేనే కదా మన ఇళ్ళలో పేరు. ఆషాఢంలో అక్క సంవత్సరీకం. అప్పటికి పాపకూ ఏడాది నిండుతుంది. ఆలోపు రావాలి బావా.

నీ బామ్మర్ది
భిక్షపతి


సూర్యాపేట
6 మార్చి 1949

చిరంజీవి భిక్షపతికి,

దీనితో పాటు తాడు ఒకటి పంపుతున్నాను. దానికి ముడులు వేశాను. తాడు కొస నుంచి మొదటి ముడి దాకా పాత షాఫ్టు పొడవు. రెండో ముడి దాకా కావలసిన పొడవు. బండి ఖాళీగా ఉన్నప్పుడు కాదు, ఇసుక బస్తాలు వేసి కొలిచాను.

పాత షాఫ్టు కూడా బస్సు మీద వేయించాను. గొట్టం కోసి పొడుగు చేయించడమే సులువని మత్తయ్య అంటున్నాడు. ప్రస్తుతం వెనక షాఫ్టు లేకుండా ముందు చక్రాల మీదే బండిని ఇంటి ముందు అటూ ఇటూ జరుపుతున్నాము.

ఎత్తు తగ్గించను. కారణం ఉంది.

హారన్ పని చేయడం లేదు.

దశరథ


కోదాడ
20 ఏప్రిల్ 1949

బావకు దండాలు.

షాఫ్టు తయారైంది. ఆలస్యం నాది కాదు, బెజవాడలో వెల్డింగు చేసేవాడిది. గొట్టం కోసి, మధ్యలో అంత మందమే ఉన్న ముక్క పెట్టి అతికించాము. రేపటి బస్సు మీద వేస్తాను.

బిగించేటప్పుడు ఒక్కటి చూసుకో. షాఫ్టు రెండు కొసలకూ చెవుల్లాంటి పట్టులు ఉంటాయి. వాటి మధ్య నాలుగు చేతుల ఇనుప ముక్క అటూ ఇటూ ఆడుతుంది. షాఫ్టు వాలి ఉన్నా తిప్పు ఆగకుండా పోయేది దాని వల్లనే. ఈ కొస చెవులూ ఆ కొస చెవులూ ఒకే వరసలో ఉండాలి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా ఉన్నాయంటే బండి చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. జారే గొట్టాన్ని లోపలికి తోసేటప్పుడు పళ్ళు ఒకటి అటు ఇటు అయినా అంతే. బాణం గుర్తులు పెట్టాను. గుర్తుకు గుర్తు కలుపు.

ఇక రాసేది షాఫ్టు సంగతి కాదు.

మొన్న మసూచి టీకాలు వేసేవాళ్ళు ఇంటికి వచ్చారు. పిల్ల పేరు అడిగారు. సాలమ్మ పాప అంది. పాప పేరే అడుగుతున్నామన్నారు. పాప అనే మళ్ళీ అంది. తండ్రి పేరు అడిగితే నా వైపు చూసింది. నాకు నా పేరు చెప్పాలనిపించింది. నీ పేరే చెప్పాను. వాళ్ళు రాసుకుని పోయారు. సాలమ్మ పాపను ఎత్తుకుని లోపలికి పోయింది.

తొమ్మిది నెలలయ్యాయి. నువ్వు రాలేదు. కోదాడ ఎంత దూరం? సైన్యం అంతా బెజవాడ నుంచి ఈ దారినే వచ్చి పోయింది.

ఏడాది నిండే నాటికి నువ్వు వచ్చి బియ్యంలో రాయకపోతే, ఆ రోజు నేను రాస్తాను. రాసినవాడే తండ్రి. తర్వాత వచ్చి అడిగితే ఇవ్వను. నేను ఇద్దామన్నా సాలమ్మ వల్ల కాదు. కోపంతో రాస్తున్నానని అనుకోకు. అక్క ఉంటే నాతో ఇదే రాయించేది.

భిక్షపతి


సూర్యాపేట
3 మే 1949

చిరంజీవి భిక్షపతికి,

షాఫ్టు అందింది. చక్రాలకు రాళ్ళు అడ్డం వేసి, నేనూ మత్తయ్యా కింద పడుకుని బిగించాము. పైకొస బోల్టులు ముందు వేశాము. జారే గొట్టానికి గ్రీజు పూసి, బాణం గుర్తులు కలిపి తోశాము. కింది కొస ఇరుసుకు చేరింది. పొడవు సరిపోయింది. గుంతలో దించి చూశాము. ఊడలేదు.

రోడ్డు మీద వేగం అందుకోగానే బండి వణికింది. మొదట నాకు తెలియలేదు. మత్తయ్య చెప్పాడు. కూర్చున్న బల్ల అదురుతోందనీ, పళ్ళు కొట్టుకుంటున్నాయనీ అన్నాడు. నేను పక్కనే కూర్చున్నాను. లారీలన్నీ ఇంతేననుకున్నాను.

షాఫ్టు విప్పి, రెండు చెక్క దుంగల మీద పడుకోబెట్టి, ఒక్కో కొసకూ తాపీవాళ్ళ తూకపు గుండు వేలాడదీశాను. చెవులు ఒక వరసలో లేవు. పై కొస నిలువుగా ఉంటే కింది కొస పక్కకు వాలి ఉంది. గుర్తులు సరిగ్గానే కలిశాయి. అతుకు దగ్గరే తిరిగింది. వెల్డింగువాడిని అడుగు. తిరిగి పంపుతున్నాను.

నీ ఉత్తరంలో రెండో విషయం చదివాను.

దశరథ


కోదాడ
19 మే 1949

బావకు,

తప్పు వెల్డింగువాడిది కాదు. నాది. షాఫ్టును వాడి ముందు నిలబెట్టి చెవులు వరస చూసి పట్టుకోవలసినవాణ్ణి నేను. ముక్క పెట్టి రెండు చుక్కలు అతికించాడు. ఇంతలో మన ఊరి లారీ డ్రైవరు వచ్చి, సాలమ్మ కబురు పంపిందన్నాడు. పాపకు జ్వరం, ఒళ్ళు కాలిపోతోంది, వెంటనే రమ్మంది. నేను షాఫ్టు వదిలి ఆ లారీ ఎక్కేశాను. మిగతాది వాడు తన ఇష్టం వచ్చినట్టు చేసుకున్నాడు. తర్వాత వెళ్ళి తెచ్చుకున్నానే గాని గుండు వేసి చూడలేదు. షెడ్డు పెట్టుకున్నవాణ్ణి, సిగ్గుగా ఉంది.

ఈ సంగతి పోయిన ఉత్తరంలో రాయలేదు. రాస్తే ఏమంటావోనని కాదు. ఏమీ అనవేమోనని.

షాఫ్టు మళ్ళీ కోయించి సరిచేయిస్తాను. ఈసారి కదలను.

సాలమ్మ పై వారం తుంగతుర్తికి, పుట్టింటికి పోతోంది. పిల్లలిద్దరినీ తీసుకుపోతోంది. సూర్యాపేటలో బస్సు దిగి, ఒక పూట నీ దగ్గర ఉండి, పాపను చూపించి పోతానంటోంది. బుధవారం. ఇంట్లో ఉండు.

ఒకటి అడుగుతాను, చెప్పాలనిపిస్తేనే చెప్పు. నీ లారీ ఏ సరుకు మోయబోతోంది? పల్లికాయకైనా వడ్లకైనా జానెడు ఎత్తు ఎందుకు?

భిక్షపతి


మిర్యాలగూడ
27 మే 1949

చిరంజీవి భిక్షపతికి,

జ్వరం తగ్గిందా?

సాలమ్మ వచ్చిన రోజు నేను సూర్యాపేటలో లేను. లారీ టైర్లు అమ్మకానికి ఉన్నాయని మిర్యాలగూడ వచ్చాను. టైర్లు ఇంకో వారం కొట్టులో ఉన్నా నష్టం లేదు. ఆ సంగతి తెలిసే వచ్చాను. బస్సులు ఆగే చోటి ముందు సత్రంలో ఉన్నాను. ఎదుట బియ్యపు మిల్లు. రోజంతా దాని చప్పుడు. చప్పుడు బాగానే ఉంది.

ఎత్తు సంగతి అడిగావు.

సూర్యాపేటలో గొడవలుగా ఉన్నాయని అప్పుడు ఆత్మకూరు పొలం దగ్గరి ఇంట్లో ఉన్నాము. పురుడు తేలికగానే అయింది. తర్వాత నెత్తురు ఆగలేదు. దవాఖాన సూర్యాపేటలో. మధ్యలో వాగు. ఎడ్లబండి వాగు ఒడ్డున ఆగింది. ఆండాళు అక్కడే పోయింది. ఇది నీకు సాలమ్మ చెప్పే ఉంటుంది. ఆమె పాపను ఎత్తుకుని పక్కనే ఉంది.

నీళ్ళు తీశాక మళ్ళీ వెళ్ళాను. రేవు పక్కన నిలువు బండ ఉంది. దాని మీద ఒండ్రు చార మిగిలింది. ఆ రోజు నీళ్ళు అక్కడి దాకా వచ్చాయి. కర్ర పెట్టి ఆ ఎత్తు కోసుకుని తెచ్చాను. వేలంలో బండ్ల పక్కన ఆ కర్ర నిలబెట్టి చూశాను. అన్నిటికంటే ఎత్తైన లారీ ఇది. అయినా ఇంజను ఆ చారకు జానెడు తక్కువైంది. అందుకని జానెడు లేపించాను.

ఆ పక్క ఊళ్ళ నుంచి ఎవరికైనా అవసరం పడితే వర్షాకాలంలో వాగు దాటించవచ్చు. లారీ మోసే సరుకు అదే. ఇంకేమీ లేదు.

షాఫ్టు ఎప్పటికి వస్తుంది? మృగశిర దగ్గర పడింది.

దశరథ


కోదాడ
12 జూన్ 1949

అన్నకు సాలమ్మ దండం.

నేను చెప్తుంటె మీ బామ్మర్ది రాస్తుండు. ఒక్క మాట గూడ మార్చొద్దని ముందుగాలనే చెప్పిన. జ్వరం తగ్గింది. గా బస్సు ప్రయాణానికి మునుపే తగ్గింది. మంచిగ ఉంది.

నేనొచ్చిన్నాడు నువ్వు లేవు. ఉండవని నాకు ఎరికే. మత్తయ్య మంచమేసిండు, నీళ్ళిచ్చిండు. "సారు పనిబడి పోయిండమ్మా" అని నేలకు సూస్కుంట చెప్పిండు. పాపం, గాయినకు అబద్ధం చెప్పుడు రాదు.

పాపను సంకనేసుకోని లారీ కాడికి పోయిన. మీ నాయిన బండి సూడు బిడ్డా అన్న. ఎక్కి కూసుందామని కాలు పెట్టబోయిన. కాలు అందలె. చీర మోకాళ్ళ దాక ఎగ్గట్టినా అందలె. పాపను మత్తయ్యకిచ్చి రెండు చేతులతోటి పట్టుకోని ఎక్కిన. దిగుడు ఇంకా కష్టమైంది. ఎనకకు పోయి సూసిన. గాడ బండి అంచు నా ఛాతి దాక ఉంది.

అన్నా, ఇంటికొచ్చినంక నీ ఉత్తరం చదివి వినిపిచ్చిండు. అప్పుడు నాకు తెలిసింది లారీ ఎందుకు కొన్నవో. తెలిసినంక రెండు దినాలు నాకు బువ్వ పోలె. ఇప్పుడు చెప్తున్న, ఇను.

ఆ దినం వదినెను ఎడ్లబండి ఎక్కియ్యనీకె నలుగురం పట్టినం. నువ్వు తల దిక్కు పట్టినవ్. మోకాలెత్తు బండి. గంతకే ఆమె తల ఆగలె, పక్కకు వాలింది. నువ్వే మల్ల సర్ది పండవెట్టినవ్. గీ లారీల ఎట్ల ఎక్కిస్తుంటివి? నొప్పుల మీదున్న ఆడిది గంతెత్తు ఎక్కుతదా? నీళ్ళు ఎంతొచ్చినయో కర్ర వెట్టి కొలిసినవ్. ఆమెను ఎక్కించుడు నీకు యాదికి రాలేదా అన్నా?

ఇంకొకటి. మనం ఒడ్డున ఉన్నప్పుడు చెట్టు మొదలుకు మొదలు కొట్టుకపోయింది. నేను సూసిన. నువ్వు వదినె దిక్కు సూస్తున్నవ్, నీళ్ళ దిక్కు సూడలె. ఆ నీళ్ళల్ల నీ లారీ గూడ పోతుండె. అండ్ల వదినె, నువ్వు, నేను, పాప. ఆ దినం ఏ బండి ఉన్నా దాటకపోదుము. గీ మాట నిరుడే చెప్పాలె. నువ్వు అడగలె, నేను చెప్పలె.

తుంగతుర్తి బస్సు కోసం బయలెల్లినప్పుడు పాప నీ లారీ చక్రం కాడ ఆగింది. పాక్కుంట పోయి చక్రం పట్టుకోని లేసి నిలబడ్డది. అదే మొదలు నిలబడుడు. మత్తయ్య సప్పట్లు కొట్టిండు. నువ్వు సూడలె.

బియ్యం ఏరి పెట్టిన. రాసేది నువ్వా, ఈయననా చెప్పు.

సాలమ్మ

బావా, చెప్పినట్టే రాశాను. షాఫ్టు సరిచేయించి తెచ్చాను. గుండు వేసి చూశాను, చెవులు ఒకే వరసలో ఉన్నాయి. పంపమంటావా?
భిక్షపతి


సూర్యాపేట
4 జులై 1949

చిరంజీవి భిక్షపతికి,

"షాఫ్టు ఉన్నట్టే పంపవద్దు. గొట్టంలో ఆ ముక్క తీయించి, పాత పొడవుకే అతికించి పంపు" అని పోయిన నెల తంతి ఇచ్చాను కదా. అలాగే వచ్చింది. ఈసారి నేను గుండు వేసి చూడలేదు. నువ్వు చూసి ఉంటావు.

సాలమ్మ ఉత్తరం వచ్చిన రోజు నుంచి మూడు పూటలు లారీ దగ్గర కూర్చున్నాను. తర్వాత మత్తయ్యను పిలిచి జాకీ పెట్టమన్నాను. దిమ్మెలు తీసేశాము. అదనపు పట్టీలు విప్పేశాము. చట్రం దిగింది. షాఫ్టు ఎక్కడా ఈడ్చి పట్టకుండా, వాలకుండా కూర్చుంది. గుర్తుకు గుర్తు కలిపి బోల్టులు బిగించాను. చివ్వెంల దాకా నడిపి చూశాము. వణుకు లేదు. లేదని మత్తయ్య చెప్పకముందే నాకు తెలిసింది.

దిగాక మత్తయ్య, "ఇప్పుడు నేల మీదికొచ్చింది సారూ" అన్నాడు.

వెనక తలుపు కోయించి, కింది దాకా వాలే చెక్కమెట్లు పెట్టించాను. ఎదురింటి పోచమ్మకు ఏడో నెల. ఎక్కి చూడగలవా అని అడిగాను. ఆమె అత్త పక్కన నిలబడింది. పోచమ్మ ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కి, లోపల పరిచిన గడ్డి మీద కూర్చుంది. "మంచిగనే ఉంది పంతులూ, యాడికి పోదాం?" అంది. ఎక్కడికీ లేదు, దిగమన్నాను. కాసేపు కూర్చుంటానంది. కూర్చుంది.

వాగు వచ్చిన రోజు దాటించడం ఈ లారీ వల్ల కాదు. ఏ లారీ వల్లా కాదు. వాగు రాకముందు, నెలలు నిండిన వాళ్ళను ఇవతలికి తెచ్చి ఉంచవచ్చు. ఆత్మకూరు వైపు నాలుగైదు ఊళ్ళకు కబురు పంపాను. ఇద్దరు వస్తామన్నారు.

కర్రను ఏం చేయాలో తెలియలేదు. మత్తయ్య జాకీ కింద ఆనించడానికి వాడుతున్నాడు. వాడనిచ్చాను.

ఆషాఢంలో ఆ తిథి నాటికి కోదాడలో ఉంటాను. పొద్దున ఆండాళు సంవత్సరీకం. సాయంత్రం పేరు. రెండూ ఒక రోజున ఏమిటని, ఆషాఢంలో పేరు పెట్టడమేమిటని ఎవరైనా అంటే నాతో మాట్లాడమను.

పాపను వెంటనే తెచ్చుకోను. పాలు మరిచే దాకా సాలమ్మ దగ్గరే ఉంటుంది. నేను వస్తూ పోతూ ఉంటాను. నన్ను చూసి ఏడిస్తే ఏడవనివ్వండి. అలవాటు కావాలి, దానికీ నాకూ.

పేరు నేనే రాస్తానని సాలమ్మతో చెప్పు.

బిగింపు పని నాలుగు రోజులు చేశాను. చేతుల గ్రీజు వదలడం లేదు. కిరసనాయిలుతో తుడిచాను, కుంకుడురసంతో రుద్దాను. వేళ్ళ సందుల్లోది పోయింది. రాసే వేలి గోటి కింద మాత్రం ఇంకా ఉంది. అప్పటికీ పోకపోతే బియ్యం కొంచెం నల్లబడతాయి. ఏమీ అనుకోవద్దని సాలమ్మకు చెప్పు.

దశరథ